అరవై దాటాక డిస్క్ ఎంత దూరం?

కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో 1975లో మొదటి శాశ్వత డిస్క్ గోల్ఫ్ కోర్సు వెలిసింది. దాన్ని వేయించినవాడు ఎడ్ హెడ్రిక్, వామ్-ఓ కంపెనీలో ఫ్రిస్బీని నేటి రూపానికి తెచ్చిన మనిషి. మరుసటి ఏడాదే ఆటగాళ్ల సంఘం పీడీజీఏ పుట్టింది. ఆ తర్వాత గొలుసులు వేలాడే ఇనప బుట్టకు ఆయన పేటెంటు తీసుకున్నాడు. ఆ రోజుల్లో ఇరవై ఏళ్ల కుర్రాళ్లుగా ఆడినవాళ్లు ఇప్పుడు డెబ్బై దాటారు. ఆటను మొదలుపెట్టిన తరమే ముసలిదై, ఇంకా ఆడుతూ ఉండటం చాలా ఆటల్లో ఎప్పుడో వందేళ్ల కిందట జరిగిపోయిన సంగతి. ఇక్కడ అది మన కళ్లముందే జరుగుతోంది. వయసు పెరిగాక దూరం విసరడం ఎలా అన్న ప్రశ్నకు ఇంత గిరాకీ అందుకే.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన మన తల్లిదండ్రులు సాయంత్రం నడకకు పార్కుకు పోయినప్పుడు చెట్ల మధ్య ఈ బుట్టలు చూసే ఉంటారు. ఆట సులువే. టీ అనే విసిరే గట్టు మీద నిలబడి డిస్క్ విసరాలి, అది పడిన చోటి నుంచి మళ్లీ విసరాలి, ఎంత తక్కువ విసుర్లలో బుట్టలో పడితే అంత మేలు. చాలా పార్కుల్లో రుసుము ఉండదు. కిలోమీటర్ల కొద్దీ నడక ఎలాగూ అవుతుంది. మోకాళ్లు సహకరిస్తే డెబ్బైల్లో కూడా హాయిగా ఆడుకోవచ్చు. చిక్కల్లా మొదటి విసురుతోనే. పక్కనున్న కుర్రాడి డిస్క్ బుట్ట దగ్గర వాలుతుంది, మనది సగం దారిలో ఎడమకు ఒరిగి పడిపోతుంది.

దీని మీద సలహాలకు కొదవ లేదు. టీ మీద పరుగెత్తమంటారు, చేయి బాగా వెనక్కి చాపమంటారు, తుంటి తిప్పమంటారు, బరువులు ఎత్తమంటారు. అన్నీ అయ్యాక చివర్లో ఏ డిస్క్ వాడాలో, దాని ముక్కు ఎటు ఉండాలో చెబుతారు. నా మటుకు నాకు ఈ జాబితాను కిందనుంచి పైకి చదవాలనిపిస్తుంది. పాతికేళ్లవాడికి అది సరైన వరసే కావచ్చు. అరవై దాటినవాడికి చౌకగా, నొప్పి లేకుండా దొరికే దూరమంతా జాబితా అడుగునే ఉంది.

ముందు ఒక మాట. పెద్దవయసు ఆటగాళ్లందరినీ ఒకే గాటన కట్టకూడదు. పాతికేళ్లో ముప్పై ఏళ్లో ఆడి, ఒకప్పుడు 110 మీటర్లు విసిరి, ఇప్పుడు 80 దగ్గర ఆగిపోతున్నవాళ్లు ఒక రకం. 2020లో కరోనా తలుపులన్నీ మూసినప్పుడు ఆరుబయట ఎడంగా ఆడుకునే ఆట కదా అని యాభై ఐదేళ్లకు మొదలుపెట్టి, 60 మీటర్లు దాటనివాళ్లు ఇంకో రకం. మొదటివారు ఉన్న దూరాన్ని పోగొట్టుకున్నారు. రెండోవారికి అది ఎప్పుడూ లేదు. కాబట్టి రెండోవారే అదృష్టవంతులు: అరవై ఐదో ఏట కూడా నిరుటి కంటే ఎక్కువ విసరగలరు, ఎందుకంటే వాళ్ల లోటు చాలావరకు వయసుది కాదు, నేర్పుది. మొదటివారిలో కొందరికి పాత అలవాట్లే శత్రువులు. డేవ్ డునిపేస్ 1983లో అంచు వాలుగా చెక్కిన డిస్క్ తెచ్చేదాకా అందరూ విసిరింది మొద్దు అంచు ఫ్రిస్బీల వంటివే. వాటికి మణికట్టు విదిలింపు సరిపోయేది. దూరం కోసం విసిరే నేటి డ్రైవర్ డిస్క్‌లకు అది చాలదు.

వయసు ఏం తీసుకుపోతుందో చూద్దాం. 1994లో డాన్ స్కెల్టన్ బృందం 65 నుంచి 89 ఏళ్లవారిని పరీక్షించి, కండబలం ఏడాదికి ఒకటి రెండు శాతం చొప్పున తక్కువగా కనిపిస్తే, కాళ్ల పేలుడు శక్తి మూడున్నర శాతం చొప్పున తక్కువగా కనిపించిందని చెప్పింది. బలం నెమ్మదిగా తగ్గుతుంది, బలాన్ని చిటికెలో వాడే గుణం అంతకు రెట్టింపు వేగంతో పోతుంది. డ్రైవర్ డిస్క్ బరువు మహా అయితే 175 గ్రాముల చిల్లర. దాన్ని విసరడానికి పహిల్వాను అక్కర్లేదు, వడి ఉంటే చాలు. వయసు ముందుగా లాక్కునేది సరిగ్గా ఆ వడినే. దీనికి తోడు వెన్ను పైభాగం తిరగడం తగ్గుతుంది, తుంటి లోపలికి తిరగడం తగ్గుతుంది, అలసట తీరడానికి ఎక్కువ రోజులు పడుతుంది.

వేగానికీ దూరానికీ ఉన్న లెక్క మోటుగా ఇలా ఉంటుంది. చేతి నుంచి గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లిన డిస్క్ చదునైన నేల మీద, గాలి లేనప్పుడు, 80 మీటర్లకు కాస్త అటూ ఇటూగా పడుతుంది. 97 కిలోమీటర్ల వేగానికి 110 మీటర్ల చిల్లర, పెద్ద ఆటగాళ్ల 113 కిలోమీటర్ల వేగానికి 135 మీటర్లు. అంటే గంటకు ఒక కిలోమీటరు వేగం పెరిగితే దూరం ఒకటిన్నర మీటరుకు కాస్త పైగా పెరుగుతుంది. డేవిడ్ విగ్గిన్స్ జూనియర్ 2016లో నెవాడా ఎడారిలో 338 మీటర్లు విసిరిన మాట నిజమే, కాని అది వెనక నుంచి తోసే ఎడారి గాలి కోసం కాచుకుని విసిరిన విసురు. పార్కులో ఆడేవాడికి దానితో పనిలేదు.

పైన చెప్పిన దూరాలన్నీ డిస్క్ సరిగ్గా ఎగిరితేనే. పెద్దవాళ్ల చేతిలో అది సరిగ్గా ఎగరకపోవడానికి మొదటి కారణం తప్పు డిస్క్. డిస్క్ మీద నాలుగు అంకెలుంటాయి: స్పీడ్, గ్లైడ్ (తేలే గుణం), టర్న్, ఫేడ్. కుర్రాళ్ల సంచుల్లో ఎక్కువగా కనిపించే ఇన్నోవా డెస్ట్రాయర్‌కు 12, 5, -1, 3. అదే కంపెనీ లెపర్డ్‌కు 6, 5, -2, 1. స్పీడ్ పన్నెండు అని రాసి ఉంటే అది పన్నెండు వంతుల దూరం పోతుందని కొత్తవాడు అనుకుంటాడు. నిజానికి ఆ అంకె ఆ డిస్క్ మన చేతి నుంచి కోరే వేగం. ఆ వేగం ఇవ్వలేకపోతే మిగతా మూడు అంకెలూ అబద్ధాలవుతాయి.

ఎందుకంటే తిరిగే డిస్క్ మీద గాలి ఒత్తిడి కేంద్రం ఒకచోట నిలవదు. వేగంగా, చదునుగా పోతున్నప్పుడు అది డిస్క్ మధ్యకు వెనకగా ఉండి ముక్కును కిందికి నొక్కుతుంది. గైరోస్కోపు సూత్రం ప్రకారం ఆ నొక్కుడు ముందుకు కాక పక్కకు తేలుతుంది. కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌లో డిస్క్ కుడివైపు వాలుతుంది, అదే టర్న్. వేగం తగ్గి డిస్క్ కిందికి దిగుతున్నప్పుడు ఆ కేంద్రం ముందుకు జరుగుతుంది, డిస్క్ ఎడమకు ఒరుగుతుంది, అదే ఫేడ్. మాంచెస్టర్‌లో పాట్స్, క్రౌథర్ గాలి సొరంగంలో చేసిన కొలతలు 2002లో వెలువడ్డాయి. మరుసటి ఏడాది డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సారా హమ్మెల్ రాసిన సిద్ధాంత వ్యాసం ఇదే ఎగురుడును లెక్కగట్టి చూపింది. మనకు కావలసిన సారాంశం చిన్నదే. గంటకు 75 కిలోమీటర్ల వేగంతో విసిరేవాడి చేతిలో డెస్ట్రాయర్ టర్న్ దశకు రానే రాదు, చేయి వదిలిన కాసేపటికే ఫేడ్ మొదలుపెడుతుంది. అదే మనిషి లెపర్డ్ విసిరితే అది కుడికి కొంచెం వాలి, తేలి, చివర్లో ఎడమకు తిరిగి, పది మీటర్లు అదనంగా పోయినా ఆశ్చర్యం లేదు. అందులో కండ పెరగలేదు, నేర్పూ పెరగలేదు.

తక్కువ స్పీడ్ డిస్క్‌తో రెండో లాభం చేతి వేళ్లకు. పెద్ద డ్రైవర్ల రిమ్, అంటే వేళ్లతో పట్టుకునే అంచు, వెడల్పు రెండు సెంటీమీటర్లకు పైమాటే, నిబంధనలు 2.6 దాకా ఒప్పుకుంటాయి. కీళ్లు వాచిన వేళ్లు అంత వెడల్పును గట్టిగా పట్టలేవు. పట్టు జారితే డిస్క్ చుట్టూ తిరిగే వేగం తగ్గుతుంది, తిరుగుడు తగ్గితే అది వణుకుతూ పోతుంది. సన్న రిమ్ ఉన్న ఆరు, ఏడు స్పీడ్ డిస్క్‌లు ఈ పీడ తప్పిస్తాయి.

బరువు సంగతి కాస్త వివాదం. పీడీజీఏ నియమం ప్రకారం వ్యాసంలో ప్రతి సెంటీమీటరుకు 8.3 గ్రాములు మించకూడదు, అందుకే డ్రైవర్లు 175 గ్రాముల దగ్గర ఆగుతాయి. 150, ఇంకా తక్కువ బరువువీ దొరుకుతాయి. తేలికవి గాలికి కొట్టుకుపోతాయని పాతవాళ్లు ముఖం చిట్లిస్తారు. ఎదురుగాలిలో వాళ్ల మాట నిజం. కాని తక్కువ వేగంతో విసిరేవాడికి తేలిక డిస్క్ త్వరగా టర్న్ అవుతుంది, ఎక్కువసేపు గాలిలో ఉంటుంది, భుజం మీద భారమూ తగ్గుతుంది. గాలి లేని ఉదయాలకు 155, గాలి వీచే సాయంత్రాలకు 170 అని సంచిలో రెండూ పెట్టుకుంటే వాదన అక్కడితో తీరిపోతుంది. తేలిక డిస్క్ వాడటం నామోషీ అనుకునేవాళ్లకు మాత్రం నా దగ్గర మందు లేదు.

డిస్క్ తర్వాత ముక్కు. ముక్కంటే డిస్క్ ముందు అంచు. పోయే దారితో పోలిస్తే ఆ అంచు పైకి లేచి ఉంటే డిస్క్ గాలికి పొట్ట చూపించినట్టే. ఎత్తుకు లేస్తుంది, వేగం పోగొట్టుకుంటుంది, ఎడమకు ఒరిగి పడుతుంది. ముక్కు రెండు మూడు డిగ్రీలు కిందికి ఉండి, మొత్తం విసురు పది డిగ్రీల దాకా పైకి వెళ్లాలని శిక్షకుల మాట. వినడానికి తిరకాసుగా ఉంటుంది, డిస్క్ పైకి పోవాలి కాని ముక్కు కిందికి ఉండాలి. పెద్దవయసువారు తప్పటడుగు వేసేది ఇక్కడే. దూరం కావాలంటే ఎత్తు కావాలని తెలుసు, నడుము బిగుసుకుపోయి భుజాలు వాలవు, దాంతో చేత్తో ముందు అంచును ఎత్తుతారు. ఎత్తు వస్తుంది, దూరం పోతుంది. నాలుగైదు డిగ్రీల ముక్కు పది మీటర్లు మింగేస్తుందంటే ఎక్కువ చెప్పినట్టు కాదు.

మందు రెండు చోట్ల ఉంది. ఒకటి పట్టు: డిస్క్‌ను ముంజేతికి వరసగా పెట్టి, మణికట్టును చిటికెనవేలి వైపు కొంచెం కిందికి వంచి పట్టుకోవాలి. రెండోది వాలు: ఎత్తును చేతితో కాకుండా రెండు భుజాల గీతతో తేవాలి. ముందు భుజం వెనక భుజం కంటే కాస్త ఎత్తులో ఉంటే చేయి ఆ గీత వెంటే పోతుంది. నడుము వంగనివాళ్లకు ఇంకో దారి ఉంది. టర్న్ ఎక్కువున్న డిస్క్‌ను బయటి అంచు కిందికి వంచి, అంటే హైజర్‌లో, వదలాలి. అది తనంతట తాను లేచి చదునవుతుంది, ఆపైన తేలుతుంది. హైజర్‌లో విసిరినప్పుడు ముక్కు లేవడం సహజంగానే తగ్గుతుంది. ఒక్క దెబ్బకు రెండు లోపాలు సర్దుకుంటాయి కాబట్టి పెద్దవాళ్లకు మొదట నేర్పవలసిన విసురు ఇదేనని నా నమ్మకం. చదునుగా విసరడం నేర్పడంతో మొదలుపెట్టే శిక్షకులు దీన్ని ఒప్పుకోరు.

శరీరం ఆడే తీరు మీద జరిగినన్ని వాదాలు మరి దేని మీదా జరగలేదు. పాత మతం మణికట్టుది, కొత్త మతం తుంటిది. ఇప్పటికి చాలామంది ఒప్పుకునేది ఇంత: కదలిక నేల నుంచి పైకి ఒక వరసలో రావాలి. ముందు పాదం నేలను తన్నిపట్టి ఆగాలి, ఆ ఆగడంతో తుంటి తిరగాలి, తర్వాత మొండెం, తర్వాత మోచేయి, ఆఖరున మణికట్టు. పొలంలో పిట్టలను తోలే ఒడిసెలలో రాయికి వేగం ఇచ్చేది తాడు కాదు, తిప్పే చెయ్యి. డిస్క్ విసురులో చేయి ఆ తాడు పని చెయ్యాలి. తాడు బిగుసుకుంటే వేగం చస్తుంది. ముసలి భుజాలు చేసే తప్పు అదే, మొండెం ఇవ్వాల్సిన వేగాన్ని బిగబట్టిన చేత్తో తెద్దామని చూస్తాయి.

స్లో మోషన్ వీడియోల్లో కనిపించే దేహాలన్నీ పాతికేళ్లవి. వీపు పూర్తిగా బుట్టవైపు తిప్పి, చేయి నిలువునా వెనక్కి చాపి, ముందు కాలి మీద బొంగరంలా తిరుగుతారు. అరవై ఏళ్ల వెన్ను అంత తిరగదు. తిరగనిదాన్ని బలవంతాన తిప్పితే ఆ లోటు నడుము కింది భాగం భరిస్తుంది. ఇక్కడ అసలు గోల్ఫ్ పాఠం పనికొస్తుంది. గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్ వెనక్కి తిరిగేటప్పుడు ఎడమ మడమ ఎత్తేవాడు, దాంతో తుంటి స్వేచ్ఛగా తిరిగేది. డిస్క్ విసిరేవాడు కూడా వెన్ను తిరగని చోట తుంటిని తిరగనివ్వాలి. వెనక పాదం వేళ్లను మరికాస్త వెనక్కి మళ్లించి పెట్టుకుంటే చాలు, భుజాలు అడగకుండానే తిరుగుతాయి. ముందు పాదాన్ని బుట్టవైపు కొంచెం తెరిచి పెట్టుకుంటే బిగుసుకున్న తుంటికీ మోకాలికీ ఉపశమనం. విసురు అయ్యాక ఆ పాదం మడమ మీద తిరిగిపోవాలి. పాదం నేలకు అతుక్కుపోయి, పై దేహం తిరిగితే ఆ మెలి అంతా మోకాలిదే.

చేయి ఎంత వెనక్కి చాపాలన్నదాన్ని అతిగా పట్టించుకుంటారు. డిస్క్‌కు అసలు వేగం వచ్చేది కుడి రొమ్ము దగ్గరి నుంచి చేయి తెరుచుకునే ఆ చివరి అడుగు దూరంలోనే. అక్కడికి చేరేటప్పటికి పై చేయికీ భుజాల గీతకూ మధ్య లంబకోణం చెడకుండా ఉండటం ముఖ్యం. డిస్క్ ఛాతీకి హత్తుకుపోతే మోచేయి ముందుకు రావడానికి చోటుండదు. సగం చాపిన చేతితో ఆ కోణం కాపాడుకున్న పెద్దాయన, పూర్తిగా చాపి కోణం పోగొట్టుకున్న కుర్రాడికి తీసిపోడు.

పరుగు మీద నా అభిప్రాయం ఇంకా మొరటు. నిలబడి విసిరితేనే మొత్తం దూరంలో ఎనభై శాతానికి పైగా వస్తుందని శిక్షకులు చాలాకాలంగా చెబుతున్నారు. మిగతా వంతు కోసం మూడడుగులు అడ్డంగా కాళ్లు వేస్తూ పరుగెత్తడం, తడిసిన సిమెంటు టీ మీద, అరవై ఎనిమిదేళ్లకు, లాభసాటి బేరం కాదు. ఒక్క అడుగు నడిచి విసరడం చాలు. పరుగు మానేశాక దూరం పెరిగినవాళ్లూ ఉన్నారు, ఎందుకంటే పరుగులో చెడిపోయిన వరస నిలకడలో కుదురుకుంటుంది.

ఇక బలం. దీన్ని చివరికి తోశానంటే పనికిరాదని కాదు, ఫలితం ఆలస్యంగా వస్తుందని. బోస్టన్‌లో మరియా ఫియాటరోన్ 1990లో ప్రచురించిన ప్రయోగంలో తొంభై ఏళ్ల చుట్టుపక్కల ఉన్న వృద్ధాశ్రమవాసులు ఎనిమిది వారాలు కాళ్లతో బరువులు ఎత్తి, సగటున 174 శాతం బలం పెంచుకున్నారు. వాళ్లు మొదలుపెట్టిన స్థితి మరీ తక్కువ కనుక అంకె అంత పెద్దగా ఉంది, అయినా కండకు చెవులుంటాయని, ఏ వయసులో పిలిచినా పలుకుతుందని దానితో తేలిపోయింది. మనకు మరింత దగ్గరిది 2007లో వచ్చిన థాంప్సన్ బృందం పని. డెబ్బై ఏళ్ల సగటు వయసున్న గోల్ఫ్ ఆటగాళ్లు ఎనిమిది వారాల వ్యాయామంతో క్లబ్ వేగాన్ని 4.9 శాతం పెంచుకున్నారు. ఆ శాతాన్ని డిస్క్‌కు వర్తింపజేస్తే 80 కిలోమీటర్ల వేగం 84 అవుతుంది, దూరం ఆరు మీటర్లు పెరుగుతుంది. ఎనిమిది వారాల చెమటకు ఆరు మీటర్లు. మంచిదే. కాని ముక్కు సర్దితే అంతకన్నా ఎక్కువ ఒక్క పూటలో వచ్చే అవకాశం ఉంది, అందుకే నా వరసలో అది ముందు.

వ్యాయామంలో నెమ్మదిగా బరువులెత్తడం ఒక్కటే సరిపోదు, పోయేది చురుకు కాబట్టి దాన్నే పిలవాలి. వారానికి రెండుసార్లు కాళ్లకు, వీపుకు బరువులు. వాటితో పాటు తేలికపాటి మెడిసిన్ బంతిని పక్కనుంచి గోడకేసి వడిగా విసరడం. గుండె, రక్తపోటు సమస్యలున్నవాళ్లు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి.

దెబ్బల మాట ఎత్తకుండా దూరం మాట ఎత్తకూడదు. 2015లో వెలువడిన ఒక అమెరికన్ సర్వేకు జవాబిచ్చిన దాదాపు 900 మంది డిస్క్ గోల్ఫ్ ఆటగాళ్లలో ఐదుగురిలో నలుగురు ఏదో ఒక దెబ్బ తిన్నామన్నారు. మోచేయి, భుజం, నడుము, మోకాలు ముందు వరసలో ఉన్నాయి. పెద్దవాళ్ల మోచేతిని చెడగొట్టేది ఆట కన్నా సాధన. ఖాళీ మైదానంలో ఇరవై డిస్క్‌లు పరుచుకుని, పూర్తి బలంతో అరగంటలో వంద విసుర్లు విసిరి, మర్నాడు కాఫీ గ్లాసు ఎత్తలేని స్థితికి వస్తారు. ముప్పై విసుర్లు చాలు, వాటిలోనూ పూర్తి బలంతో వేసేవి పదికి మించనక్కర్లేదు. ముందు పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించుకోవాలి. ఫోర్‌హ్యాండ్‌ను దూరం కోసం నేర్చుకోవడం ఈ వయసులో నేను సూచించను, మోచేయి లోపలి నరాలకూ స్నాయువులకూ అది బొత్తిగా దయలేని కదలిక. చిన్న దూరాలకు వాడుకోవచ్చు. చదునైన గడ్డి నేల ఉన్న కోర్సులో డిస్క్‌ను అంచు మీద దొర్లించే రోలర్ విసురు మాత్రం ముసలివాళ్ల దగ్గర ఉండవలసిన ఆయుధం. గాలిలో 70 మీటర్లు పోనివాడు నేల మీద 90 దొర్లించగలడు.

కొలవకుండా ఇవేవీ తేలవు. డిస్క్‌కు అంటించి వేగం, తిరుగుడు, ముక్కు కోణం చెప్పే సెన్సర్లు ఈ మధ్య వచ్చాయి. ఖరీదెక్కువ, నలుగురు కలిసి కొనుక్కోవచ్చు. అది లేకపోతే ఫోన్‌ను పక్కన నిలబెట్టి స్లో మోషన్‌లో చూసుకున్నా ముక్కు ఎటుందో తెలుస్తుంది.

ఇంతకీ ఆ అదనపు మీటర్ల విలువ ఎంత? బుట్ట చుట్టూ పది మీటర్ల వలయం లోపలి నుంచి విసిరేదాన్ని పుట్ అంటారు. టీ నుంచి బుట్ట దాకా 90 మీటర్లుండే హోల్ దగ్గర 75 విసిరేవాడికి ఇంకా 15 మీటర్లు మిగులుతాయి, బుట్టలో పడటం అదృష్టం. 85 విసిరేవాడికి ఐదు మీటర్లే మిగులుతాయి, అది రోజూ పెరట్లో సాధన చేయగలిగిన దూరం. హోల్ 130 మీటర్లయితే ఇద్దరికీ రెండు విసుర్లు తప్పవు, తేడా దాదాపు మాయమవుతుంది. కాబట్టి తన కోర్సులో 80 నుంచి 95 మీటర్ల హోల్స్ ఎన్నున్నాయో ముందు లెక్కపెట్టుకోవాలి. పదీ పన్నెండూ ఉంటే పైన చెప్పిన శ్రమంతా గిట్టుబాటవుతుంది. ఒకటి రెండే ఉంటే ఆ వేళను పుటింగ్ మీద పెట్టినవాడికే స్కోరు తగ్గుతుంది. పీడీజీఏ 40 దాటినవారి నుంచి 80 దాటినవారి దాకా వయసు విభాగాలు ఏనాడో పెట్టింది, చాలా కోర్సుల్లో పొట్టి టీలూ ఉన్నాయి. వాటి మీద నిలబడటానికి మొహమాటపడి, పొడుగు టీ నుంచి భుజం ఊడేలా విసిరే పెద్దమనుషులే ఎక్కువ కనిపిస్తారు.